ఆంబోతు ఎంగిలి

ఎలమంద లేడా, కోడెలకి విత్తులు కొట్టి మగతనం తీసేవాడు, ఆడి సంగతి చెప్తా, బాజీ నువ్వూ ఇట్టా వచ్చి కూర్చో. నాగలికి లొంగాలంటే కోడెకి విత్తులు కొట్టాల్సిందే గదా, చుట్టుపక్కల ఏడు ఊళ్ళకీ ఆడే. మనిషి దున్నలాగుండేవాడు. ఏమైందంటే, నలభై దాటీ దాటకముందే ఆడి మగతనం చల్లబడిపోయిందంట. ఒకరోజా రెండ్రోజులా, ఆరు నెలలు. పెళ్ళాం ఆదెమ్మ, ఒంట్లో బాగలేదా అయ్యా అంటే గోడవైపు తిరిగేవాడంట. డాక్టరు కాడికి పోదాం రమ్మంటే, ఏమని చెప్పుకోమంటావే, ఊళ్ళో తలెత్తుకోవద్దా అన్నాడంట. ఆడి మనసులో ఒకటే పడిపోయింది అనుకో, ఆ కోడెల ఉసురే నాకు తగిలిందని. మంత్రగాడి కాడికైతే పోయాడు. అక్కడ మనం చెప్పక్కర్లా, ఆడే చెప్తాడు గదా. ఆడు, ఉసురే అని తేల్చేసి, మండలం రోజులు ఆంబోతుకి బెల్లం పెట్టు, అది నాకి వదిలిన ఎంగిలి నువ్వు తిను, దోషం దిగిద్ది అన్నాడంట.

తిన్నాడు. మండలం అయింది, ఏం లేదు. ఇంకో మండలం. ఇంకోటి. అట్టా రెండేళ్ళు తిన్నాడంట బెల్లం. మనిషి చిక్కిపోతన్నాడు, చెంబులు చెంబులు నీళ్ళు తాగుతన్నాడు. దొడ్లో ఆడు ఉచ్చ పోసినకాడ చీమలు బారు కడుతుంటే ఆదెమ్మ చూసి చెప్పిందంట. దోషం బయటికి పోతందే అని సంబరపడ్డాడంట, చూశారా! ఓ రోజు ఆంబోతు ఆడి పాదం తొక్కింది. నెత్తురు కారతంది, నొప్పే తెలవలా. దేవుడు కరుణించాడనుకున్నాడు పిచ్చోడు. పాదం నల్లబడి వాసనేస్తుంటే ఆదెమ్మ ఇంక ఆడి మాట వినలా, ఆటో ఎక్కించి పెద్దాసుపత్రికి తీసకపోయింది. అక్కడ డాక్టరమ్మ, పుండుకంటే ముందు ఒంట్లో ఏం తేడా వచ్చిందని అడిగిందంట. ఆడు తల వంచుకున్నాడు. ఆదెమ్మే చెప్పింది.

“రెండున్నరేళ్ళ కిందట మా ఇద్దరి మధ్యా ఆగిపోయిందమ్మా. అదే మొదలు.”

రక్తం చూస్తే షుగరు. నరాలు ఎప్పుడో చచ్చినయ్యంట. షుగరు ముందుగా తలుపు కొట్టింది అక్కడేనయ్యా, ఆ రోజే వచ్చి ఒక్క చుక్క రక్తం ఇచ్చుంటే కాలు దక్కేది అందంట డాక్టరమ్మ. అయితే కోడెలు కాదా అమ్మా అన్నాడంట ఎలమంద. ఆమెకేం అర్థం కాలా.

మోకాలి కింద తీసేశారు. బెల్లం అలవాటైన ఆంబోతు ఇప్పటికీ పొద్దున్నే ఆడి గుమ్మం ముందు నిలబడిద్ది, ఆదెమ్మ ఏడుస్తా తోలిద్ది. నేను కళ్ళారా చూశా. కోడెలు పాపం ఏ ఉసురూ పెట్టలా, నోరులేని గొడ్లు. ఈడికి నోరుండీ చెప్పలా, అంతే. ఏం బాజీ, ఇందాకటి నుంచీ తల దించుకునే ఉన్నావు?