తాంబూలాల పళ్లెంలో సీసపు గుళ్లు

నా పేరు ముంగర సువర్ణ. భర్త పేరు తాతారావు. వయసు ఇరవై ఆరు. చేపలు అమ్ముతాను. మాది కొల్లేటి మీద చింతలంక. 2007 ఫిబ్రవరి 23న స్టేషన్‌లో ఎస్సై గారు అడగగా చెబుతున్నాను.

నా భర్త వలలు కడతాడు. వల అంచుకి సీసపు గుళ్లు గుచ్చి, ఒక్కోదాన్నీ పళ్లతో కొరికి బిగిస్తాడు. మా లంకలో వలలు కట్టేవాళ్లందరూ అంతే. పాత బ్యాటరీలు పగలగొట్టి ఆ సీసాన్ని ఇంట్లోనే, అన్నం వండే పొయ్యి మీదే కరిగిస్తారు. నిరుడు సర్కారోళ్లు చేపల చెరువుల గట్లు తెంచేశాక అందరికీ వలలే దిక్కయ్యాయి, ఆయనకి పని ఇంకా పెరిగింది. ఆయన నోట్లో గుళ్లు లేని పూట లేదు.

పెళ్లయి ఏడేళ్లయినా మాకు పిల్లలు లేరు. మా అత్త కనకరత్నం నన్ను పేరు పెట్టి పిలవడం మానేసింది. పక్కింట్లో సీమంతమైతే నన్ను గడప దాటనివ్వలేదు. ద్వారకా తిరుమల కొండ మోకాళ్ల మీద ఎక్కించింది. నన్నే, కొడుకుని కాదు.

దీపావళి వెళ్లాక ఆయన్ని ఏలూరులో డాక్టరమ్మ గారి దగ్గరికి లాక్కెళ్లాను. ఇద్దరికీ పరీక్షలు చేయించారు. నాలో లోపం లేదన్నారు. ఆయన రక్తంలో సీసం చాలా ఉందన్నారు. "సీసం ఒంట్లో చేరితే మగవాళ్ల హార్మోన్లు దెబ్బతింటాయి. బిడ్డలు పుట్టడానికి కావలసిన కణాలు తగ్గిపోతాయి. ముందు కొరకడం మానెయ్యండి. ఇంట్లో కరిగించకండి. నెమ్మదిగా బాగవ్వచ్చు" అని ఆయన ముఖం మీదే చెప్పారు.

తిరిగొస్తూ, పళ్లతో కాకుండా దీంతో గుళ్లు బిగించమని బజార్లో కటింగ్ ప్లేయరు కొన్నాను. ఆయన నవ్వాడు. "మా నాన్న కొరికాడు, మా తాత కొరికాడు. ఆళ్లకి పుట్టలేదేంటి?" అన్నాడు. ఇంటికెళ్లి తల్లితో ఏం చెప్పాడో తెలుసా అండీ? "లోపం దానిదేనంట" అన్నాడు. నేను అక్కడ నిలబడి ఉండగానే అన్నాడు. నా ఒళ్లు మండిపోయింది.

నేను బతికుండగానే ఆయనకి ఇంకో సంబంధం చూశారు. పిల్లది భీమడోలు. నిన్న గురువారం ఉదయం పది గంటలకు వాళ్లింట్లో తాంబూలాలు. నేను చేపల తట్టలో గుళ్లు పోసుకుని బస్సెక్కి వెళ్లాను. తాంబూలాల పళ్లెంలో తట్ట బోర్లించాను. "ఏవండీ, మీ కాబోయే అల్లుడు రోజూ నోట్లో పెట్టుకునేవి ఇయ్యేనండి. రేపు మీ అమ్మాయిని కూడా గొడ్రాలంటారు" అన్నాను.

పిల్ల తండ్రి "ఏం బాబూ, డాక్టరు గారు అలా చెప్పారా?" అని మర్యాదగానే అడిగారు. మా ఆయన వాళ్లమ్మ ముఖం చూశాడు. పిల్ల తండ్రి ఈ సంబంధం వద్దని పళ్లెం లోపలికి తీయించేశారు. అప్పుడు మా అత్త నా జుట్టు పట్టుకుంది. తోశాను. అరుగు మీంచి పడి ఆవిడ చెయ్యి విరిగింది. తోశాననే చెబుతున్నాను.

ఆవిడిచ్చిన ఫిర్యాదులో నా పేరు ముందు గొడ్రాలు అని రాయించింది. రాజీ పడమని పెద్దలు అంటున్నారు. నేను పడను. తోసినందుకు శిక్ష వెయ్యండి, భరిస్తాను. బిడ్డ లేనందుకు మాత్రం నా మీద వెయ్యకండి.

ఇది నాకు చదివి వినిపించారు. నేను చెప్పిందే ఉంది, అంతా నిజం. ఒకరు నేర్పితే చెప్పింది కాదు.

ముంగర సువర్ణ
(ఎడమచేతి బొటనవేలి ముద్ర)