చేప ముట్టని మొక్కు

బర్ దుబాయ్‌లో ఇళ్ళల్లో పనిచేసే ఇద్దరాడవాళ్ళు భోజనానికి కూర్చున్నారు.

“వంజరం వేపుడొదినా. ఒక్క ముక్కైనా ముట్టవేంటి?”

“మొక్కుందే. మా జట్టు పై లీగుకి ఎక్కేదాకా చేప తినను.”

“మీ జట్టా? క్రికెట్టా?”

“ఫుట్‌బాలు. స్కాట్లండ్‌లో మా పాత సారు వాళ్ళ ఊరి జట్టు. ఆయన పక్కనే నిలబడి టీవీలో చూసేదాన్ని.”

“మన మావుళ్ళమ్మకి ఆ పేరెలా చెప్పావు?”

“నోరు తిరగలేదు. పసుపు చొక్కాలోళ్ళు అన్నాను.”

“ఎక్కారా మరి?”

“నిన్న ఇంకో లీగు కిందకి పడిపోయారు.”

“అయ్యో! సారు ఏడ్చుంటారు.”

“ఆయన వాళ్ళ దేశం వెళ్ళాక ఇంకో పెద్ద జట్టు అభిమానిగా మారిపోయారంట.”

“నాకేం అర్థం కావట్లేదొదినా. మరి నీకెందుకు? తిను!”

“ఆయనకేం, మొక్కు లేదు, మారిపోయారు. మొక్కుకుంది నేను కదే.”