తొమ్మిదో అంతస్తులో వంటిల్లు

ఊరి నడిబొడ్డున కొత్త భవనం. కింద కిరాణా దుకాణం, పైన నాలుగే అంతస్తులు. సరుకులు కొనుక్కున్న ముసలి దంపతులు బయటికొచ్చి తలెత్తి చూశారు.

"పన్నెండు అంతస్తులన్నారు కదండీ!"

"పెట్టుబడి చాలక నాలుగుతో ఆపేశారటే. ఆ పై అంతస్తులకు డబ్బు కట్టినవాళ్లకిక ఇళ్లు లేవట."

"అందరికంటే ముందు మనల్నే ఇల్లు కోరుకోమన్నారు. నా మోకాళ్లకు మొదటి అంతస్తే మేలని మొత్తుకోలేదూ?"

"తొమ్మిదో అంతస్తులో చెయ్యి చాస్తే చందమామ తగులుతుందని ఊరంతా చెప్పేశానే మరి!"

"ఇంతకీ మన ఇల్లెక్కడ?"

"అదిగో, ఆ గద్ద తిరుగుతోందే, అదే మన వంటిల్లు."

"నా చూపు అంత పైకి ఆనదు. మొదటి అంతస్తులో ఎవరో బట్టలారేస్తున్నారు, అదైతే బాగా కనిపిస్తోంది."

"...ఆ సంచీ ఇటివ్వవే. బస్సుదాకా నేను మోస్తాను."