ఉల్లంకి పిట్టలూ, లోవరాజు బేరమూ

నూకరత్నం ఎప్పుడూ తలొంచుకునే గుల్లలేరేదంట. గుల్లలంటే తెలుసుగా, మన పర్రలో, అదే సముద్రప్పోటు ఎక్కే బురదనేలలో, దొరుకుతాయి, సున్నానికి కాలుస్తారు. ఆ మనిషి సముద్రం వంక చూసేదే కాదంట. పోటొస్తే ఎలాగే అంటే, "నాకేటి, ఉల్లంకి పిట్టలు చెప్తాయి గదా" అనేదంట. ఉల్లంకులంటే ఇంతింత పిట్టలు, పొడుగు ముక్కు, చలికాలం వచ్చేసరికి ఎక్కడో మంచుదేశం నుంచి ఎగురుకుంటూ వచ్చి మన పర్రలోనే దిగుతాయి. నీటంచున పురుగులు పొడుచుకు తింటాయి. నీళ్లు ముందుకొచ్చాయా, కీచుమని అన్నీ ఒక్కసారే లేస్తాయి. అంతే, రత్నం తట్ట నెత్తికెత్తేది.

ఇప్పుడేమైందంటే, రత్నం తమ్ముడు వస్తున్నాడని కబురొచ్చింది. దాని మొగుడు లోవరాజుకి బావమరిదంటే వల్లమాలిన ప్రేమనుకో. బావమరిది పేరు చెప్పి తను తినొచ్చని! "ఉల్లంకి కూర పెట్టకపోతే మర్యాదేముంటాదే" అని వలేసి పిట్టలన్నిటినీ పట్టేశాడంట. గంప నిండా. ఒక్క కుంటి పిట్ట మాత్రం తప్పించుకుంది. గంపా వలా ఒడ్డున పడేసి దాని కోసం పర్రలోకి దిగాడు. దిగి, అదిగో ఇదిగో అని దాని వెనకాల పోయి పోయి తొడలదాకా కూరుకుపోయాడు. పోటొచ్చేస్తోంది. చెప్పే పిట్టలేమో గంపలో ఉన్నాయి మరి!

"ఒసే రత్నం, లాగవే" అని ఒకటే గోల. మొగుడు కదా, రత్నం పరుగెత్తుకొచ్చి వల ఒక కొస మడచెట్టుకి కట్టింది. రెండో కొస చేత పట్టుకుని, పిట్టల్ని వదిలెయ్యమంటావా లేదా అని అడిగింది. "సగం వదిలెయ్యే" అన్నాడు, నీళ్లు నడుందాకా వచ్చాయి. "అన్నీ" అంది. "రెండుంచవే" అన్నాడు, నీళ్లు గుండెలదాకా. "అన్నీ" అంది. "ఒక్కటేనే, అదీ నీ తమ్ముడికే, నాక్కాదే" అన్నాడు, గెడ్డం తడిసింది. "అన్నీ" అనే అంది రత్నం. ఆఖరికి "అన్నీ వదిలెయ్యే తల్లీ!" అన్నాడు, పెళ్లాన్ని పట్టుకుని! రత్నం గంప మూత కాలితో తన్ని, వల కొస విసిరింది. అవి కీచుమని లేచాయి, వీడు వల పట్టుకుని బురదోడుతూ పాక్కుంటూ వచ్చాడు. ఆ పూట బావమరిదికి పప్పుచారే పోశారంట. ఆ అబ్బాయి మళ్లీ మళ్లీ పోయించుకున్నాడంట కూడానూ.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, మొన్న ఎవరో షావుకార్లు కారేసుకొచ్చారు, పర్రకి గట్టేసి రొయ్యల చెరువులు తవ్వుతారంట. ఉల్లంకులు ఇప్పటికే పల్చబడిపోయాయి, ఈ పర్ర కూడా పోతే అవెక్కడ దిగుతాయండీ? మా ఆడోళ్లేమన్నారో తెలుసా? "ఒడ్డున నిలబడి బేరమేటి బాబూ, పోటేళకి పర్రలోకి దిగండి, అక్కడ మాటాడుకుందాం" అన్నారు. ఒక్కడంటే ఒక్కడు చెప్పులిప్పలేదు.