నంద్యాల నుంచి ఇరవై రెండు నిమిషాలు

ఆళ్ళగడ్డ స్టాండులో నంద్యాల పోయే జీపు నిండితే గానీ కదలదు. నిండేదాకా, వచ్చినవాళ్ళు జారిపోకుండా పట్టి ఉంచడమే డ్రైవరు అసలు పనితనమని కొండయ్య నమ్మకం. ఆ సాయంత్రం పదిమందికి ఎనిమిది మందే దొరికారు. దాంతో మహానందయ్య శెట్టి టీ అంగడి బెంచీ మీద కొండయ్య కోతలు మొదలయ్యాయి.

మహానందయ్య ఈ కథ వందసార్లు విన్నాడు. అయినా పాలు పొంగకుండా చూసుకుంటూ ఒక చెవి అటు పడేశాడు. కొండయ్య భార్య గోవిందమ్మ పోయి రెండేళ్ళు. ఇంటికి పోతే తిన్నావా అని అడిగే దిక్కు లేదు. ఇక్కడైనా మాట్లాడనీ పాపం అనుకుని మహానందయ్య ఏనాడూ ఎదురు చెప్పలేదు. ఆ కథలో అడగకూడని ప్రశ్న ఒకటుందని స్టాండులో పాతవాళ్ళందరికీ తెలుసు.

"నంద్యాల నుంచి ఈడికి ఇరవై రెండు నిమిషాల్లో వచ్చినా," అన్నాడు కొండయ్య.

బస్సుకు గంట పట్టే దారి. బెంచీ మీదవాళ్ళు నవ్వారు. ఎవరైనా నవ్వితే చాలు, కొండయ్యకు డీజిలు పోసినట్టే.

"ఆ పొద్దు కాలు పెట్టి తొక్కినా సూడప్పా, హారను కొడితే సప్పుడు నాకంటే ఎనకబడిపోయింది, నేను శిరివెళ్ళ దాటి ఇంత దూరం వచ్చినంక నా హారను శిరివెళ్ళకు చేరింది. ఆ తర్వాత ఏమైందో తెల్సునా? లైట్లేసినా. యాడ, ముందర పడితే గదా? నా లైటు వెలుతురు నా ఎనకాల ఆయాసపడతా వస్తాండాది."

"పోలీసులు పట్టుకోలేదా అన్నా?" అన్నాడు ఒకాయన.

కనిపిస్తే కదా పట్టుకోడానికి అన్నాడు కొండయ్య. రోడ్డు ఎత్తుగా ఉన్నచోట జీపు ఎగిరిందట, ఎగిరింది ఎగిరినట్టే పోయిందట. కింద నల్లమల పచ్చిక మడిలా కనిపించిందట, భూమి చేటంతై, తర్వాత ఆవగింజంతయిందట. చంద్రుడి దగ్గర ఎవరో చెయ్యెత్తారట గానీ, సీట్లు నిండిపోయాయని ఆపలేదట.

బెంచీ చివర జాహ్నవి కూర్చుంది. నంద్యాల కాలేజీలో ఫిజిక్సు చెప్పే పిల్ల, ఏదో పని మీద ఆళ్ళగడ్డకు వచ్చిపోతోంది, ఈ స్టాండుకు కొత్త. బరువున్న ఏ వస్తువూ వెలుతురు వేగాన్ని అందుకోలేదని ఆమె అంది. అందుకే టాపు మీది ఉల్లిగడ్డల మూటలు దింపేశానన్నాడు కొండయ్య. ఒక్కసారిగా అంత వేగం ఎత్తుకుంటే మనిషి పచ్చడైపోతాడంది. సీటుకు కొత్త దూదితో పరుపు కుట్టించానన్నాడు. ఆమెకూ నవ్వు ఆగలేదు. వెలుతురు వేగానికి దగ్గరదగ్గరగా పోగలిగితే మాత్రం బండిలో వాళ్ళకు కాలం మెల్లగా నడుస్తుందని, లోపల నిమిషాలైతే బయట ఏళ్ళు గడిచిపోతాయని చెప్పింది.

కొండయ్య గ్లాసు కింద పెట్టాడు. "నేను చెప్పేది అదే పాపా. నాకు ఇరవై రెండు నిమిషాలే. వచ్చి సూస్తే ఈడ అంతా అయిపోయిండాది."

అందరూ మళ్ళీ నవ్వారు. మహానందయ్య నవ్వలేదు.

జాహ్నవి అప్పటికే ముప్పావుగంట నుంచి జీపు కోసం కాచుకుని ఉంది. అందుకే ఆట పట్టించాలనిపించింది. "గడియారం ఎప్పట్నుంచి లెక్కబెట్టినావన్నా?" అంది.

"బండి కదిలినప్పట్నుంచి."

"కదలక ముందు నంద్యాల స్టాండులో ఎంతసేపు నిలబడినావు? అదీ కలపాల గదా."

మహానందయ్య గబగబా చక్కెర సరిపోయిందా అని ఆమెను అడిగాడు. అప్పటికే మాట జారిపోయింది.

కొండయ్య తన చేతులు చూసుకున్నాడు. "నలభై నిమిషాలు," అన్నాడు. "గోవిందమ్మకు గుండెనొప్పని పక్కింటి రామమ్మ ఫోన్ చేసింది. స్టీరింగు ముందరే కూసోనుండా. ఇద్దరు తక్కువుండారు. ముప్పై ఏండ్ల అలవాటు పాపా, ఖాళీ సీట్లతో ఎన్నడూ తీయలేదు. ఇంగ వస్తారు, ఇంగ వస్తారని సూసినా. కదిలినంక మాత్రం ఇరవై రెండు నిమిషాలే. అది కోత కాదు."

జాహ్నవి తల వంచుకుంది. ఆ ప్రశ్న ఇన్నాళ్ళు ఎవరూ అడగకపోవడం మంచిదో చెడ్డదో మహానందయ్యకు తెలియలేదు.

కొండయ్య లేచి తాళం తీసుకున్నాడు. "ఎక్కండి, పోదాం."

"ఇద్దరు తక్కువుండారు గదా," అన్నాడు మహానందయ్య, అలవాటు కొద్దీ.

"ఉండనీ శెట్టీ."

జీపు నంద్యాల చేరడానికి గంటా పది నిమిషాలు పట్టిందని జాహ్నవి మర్నాడు వచ్చి మహానందయ్యతో చెప్పింది. ఆ రోజూ కొండయ్య అదే బెంచీ మీద కూర్చున్నాడు గానీ కథ ఎత్తలేదు. జీపులో ఎనిమిది మంది ఎక్కి ఉన్నారు. స్టాండంతా బోసిగా అనిపించింది మహానందయ్యకు.

జాహ్నవి టీ తీసుకుని ఆయన పక్కన కూర్చుంది. కాసేపటికి మెల్లగా అడిగింది. "చంద్రుడి దగ్గర చెయ్యెత్తింది ఎవురు, అన్నా?"

కొండయ్య ఆమె వైపు చూశాడు. తర్వాత జీపు వైపు చూశాడు.

"మొగం సరిగ్గా కనపల్లేదు పాపా, ఆ వేగంలో యాడ కనపడ్తాది. ఈ తూరి ఆపుతా. అందుకే రెండు సీట్లు ఖాళీగా పెట్టుకోని పోతాండా."