ఇస్త్రీ చేసిన దారి

మా వీధిలో నన్ను కోతలరాయుడంటారు. చాటుగా కూడా కాదు, నా మొహం మీదే అంటారు. పొద్దస్తమానం ఒకేచోట నిలబడి ఇస్త్రీపెట్టె తోసేవాడికి నోరు తప్ప ఇంకేం తిరుగుతుంది చెప్పండి. కానీ ఆ సాయంత్రం కోసినవి సరదా కోతలు కావు. పీకల మీదికొచ్చి కోసినవి.

మా కొట్టు మీది గదిలో ఒక నర్సు అద్దెకుంటుంది. తెల్లారితే ఆ అమ్మాయి విమానమెక్కాలి. ఎక్కడో పైదేశంలో, రేవున్న ఊరి నుంచి గంటస్తంభాల ఊరిదాకా ఒంటరిగా సైకిలు తొక్కుతుందట. మెట్లు దిగొచ్చి, పక్క కొట్టు దర్జీ కూర్చున్న బల్ల మీదే కూర్చుని, "బాబాయ్, నా సైకిలు చొక్కా ఇచ్చెయ్. వీపుమీది జేబులో మ్యాపు మర్చిపోయాను" అంది.

"ఫోన్లో చూసుకోవచ్చుగా" అన్నాడు దర్జీ.

"ఫోను దగ్గరిదారి చూపిస్తుందన్నా. ఎక్కడ ఎత్తు తక్కువో, ఎక్కడ మంచినీళ్లు దొరుకుతాయో, ఏ రోడ్డు మీద లారీలు రావో, అవన్నీ వెతికి వెతికి నేనే గీసుకున్నాను. అది లేకపోతే నేను విమానమెక్కీ దండగే."

లోపల తొట్టి దగ్గర మా ఆవిడ దగ్గింది. ఆ దగ్గుకి అర్థం మా ఇద్దరికే తెలుసు. నేను గొంతు సవరించుకున్నాను.

"చొక్కా ఇంకా మడత పడాలి అమ్మాయీ, కూర్చో. అసలు ఆ రెండూళ్ల మధ్య దారి వేసిందెవరనుకున్నావు? ఇదిగో, ఈ చెయ్యే."

"మొదలైంది" అన్నాడు దర్జీ, చెవిమీది సుద్దముక్క సర్దుకుంటూ.

"నవ్వకు. నీకు పెళ్లి కూడా కాని రోజుల్లో ఒక పైదేశపాయన సైకిలు దిగి ఇక్కడే నిలబడ్డాడు. చొక్కా ఇచ్చాడు, ఇస్త్రీ చేశాను. మ్యాపు తీశాడు, నలిగిపోయి ఉంది, పోనీ పాపమని దానిమీద కూడా ఒక తోపు తోశాను. అంతే నేను చేసింది. గుడ్డమీద అచ్చేసిన మ్యాపు అది. మధ్యలో ఒక కొండ ఉంది, దాన్నెక్కడం తన వల్ల కాదన్నాడాయన. నాలుగు చుక్కలు నీళ్లు చిలకరించి, పెట్టె బాగా కాకమీద ఉన్నప్పుడు నొక్కిపట్టాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"మ్యాపు మాడింది" అన్నాడు దర్జీ.

"కొండ అణిగింది. మ్యాపులో కాదు, అక్కడ. మేతకి ఎక్కిన మేకలు ఎక్కినట్టే ఉండి, చూసుకుంటే చదునునేల మీద నిలబడి ఉన్నాయట. దిగుదామంటే పల్లం లేదు. పాపం సాయంత్రందాకా ఒకదాని మొహం ఒకటి చూసుకున్నాయట."

నర్సు నవ్వింది. నవ్విందంటే చొక్కా సంగతి కాసేపు మరిచినట్టే. నాకు ఊపొచ్చింది.

"ఊళ్లు మరీ దూరంగా ఉన్నాయన్నాడు. గుడ్డే కదా, వేణ్ణీళ్లలో ముంచాను, ముడుచుకుంది. రేవులో ఓడ కూతపెడితే గంటస్తంభాల ఊళ్లో పిల్లలు బడి వదిలారనుకుని ఇళ్లకి పోవడం మొదలెట్టారు. రోడ్డు వంకరన్నాడు, ప్యాంటుకి పెట్టినట్టు కొసనుంచి కొసకి మడత పెట్టాను, ఇక హ్యాండిలు తిప్పే పనే లేదు. గంజి కాస్త సముద్రం మీద ఒలికింది, అలలు లేచినవి లేచినట్టే బిరుసుగా నిలబడిపోయాయి, జాలర్లు వాటిమీద వలలు ఆరేసుకున్నారు. నీలిమందు రెండు చుక్కలు ఎక్కువ పడిందేమో, ఆ దేశంలో సాయంత్రాలు ఇప్పటికీ ఒకపట్టాన చీకటి పడవు."

"మరి నువ్వు చూశావా బాబాయ్ ఆ సాయంత్రాలు?" అంది నర్సు. గొంతు మెత్తబడింది.

"చూడకేం. ఆయన వదిలితేనా. దారి వేసినవాడివి, నువ్వే ముందు తొక్కాలన్నాడు. తొక్కాను. ఏం చెప్పమంటావు, రోడ్డు అప్పుడే ఇస్త్రీ తీసిన దుప్పటిలాగ టైర్ల కింద వెచ్చగా ఉంది. చప్పుడు లేదు. చైను తిరిగే చప్పుడొక్కటే, అదీ ఎవరో పక్కగదిలో కునికిపాట్లు పడుతున్నట్టు. రెండువైపులా పచ్చటి పూలచేలు, మనం కదుల్తున్నామో అవే వెనక్కి పోతున్నాయో తెలీదు. ఒకచోట నది నిద్రలో పక్కకి ఒత్తిగిలింది. దాన్ని లేపకుండా వంతెన దాటాం."

దర్జీ కూడా బల్ల మీద ముందుకి జరిగాడు. వీధిలో దీపాలు వెలిగాయి. నర్సు కళ్లు సగం మూసుకుని, గోడకి తల ఆనించి అడిగింది.

"వంతెన దాటాక?"

"దాటాక ఎడంపక్క నీళ్ల పంపు. దానికెదురుగా రేగిచెట్టంత పొట్టిచెట్టు. చెట్టుకింద ఒక బెంచీ, ఇద్దరు కూర్చునేంత. అక్కడ దిగి కూర్చున్నాం. అక్కణ్ణుంచి చూస్తే ఊరి గంటస్తంభాలన్నీ..."

"పంపుందన్నది నిజమే బాబాయ్" అంది నర్సు, కళ్లు తెరిచి. "బెంచీ లేదు."

"లేకపోవడమేమిటి, నేను కూర్చుంటేను."

"అక్కడ చెట్టూ లేదు, బెంచీ లేదు. అక్కడికొచ్చేసరికి అలిసిపోతాను, కాస్త నీడ, ఒక బెంచీ ఉంటే బావుండని నేను గీసుకున్నాను. లోకంలో అది నా కాగితం మీదొక్కటే ఉంది. నా మ్యాపేదీ?"

మా ఆవిడ దగ్గడం మానేసి, చొక్కా తెచ్చి నా చేతిలో పడేసి పోయింది.

ఈ చొక్కాకి ఇస్త్రీ వద్దు, ఉతికి ఆరేస్తే చాలని ఇచ్చేటప్పుడే ఆ అమ్మాయి మరీ మరీ చెప్పింది. నా కొట్టులోంచి ఇస్త్రీ లేని గుడ్డ పోతే నా పరువేం కావాలి? జేబు వెతక్కుండా ఉతికాం, తడిమీదే తోశాను. కాగితం ముద్దయింది. సిరా మాత్రం గుడ్డకి పట్టింది. చొక్కా వీపుమీద రేవు, నది, వంతెన, బెంచీ, అన్నీ ఉన్నాయి. కుడిది ఎడమై, ఎడమది కుడై.

నర్సు చొక్కా అందుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.  దర్జీయే లేచి, తన కొట్టులోని నిలువుటద్దం మోసుకొచ్చి ఎదురుగా పట్టుకున్నాడు. అద్దంలో దారి దారిలాగే కనబడింది. వేలితో రేవు దగ్గర మొదలుపెట్టి మెల్లగా చివరిదాకా పోయింది ఆ అమ్మాయి. ఎక్కడా తెగలేదు. ఊపిరి వదిలింది.

"బానే ఉంది. కానీ వీపుమీదుంటే వెనకొచ్చేవాళ్లకి కనబడుతుంది, ముందు తొక్కే నాకెలా? నువ్వు తొడుక్కుని నా ముందు తొక్కు బాబాయ్. నీకలవాటేగా."

"ఆయనకి సైకిలెక్కడమే రాదమ్మా" అంది లోపల్నుంచి మా ఆవిడ.

దర్జీ అద్దం కిందపెట్టి మరీ నవ్వాడు. నర్సు నావైపు చూసింది. ఇంకెవరైనా అయితే తలొంచుకునేవాళ్లు.

"ఎక్కడం ఒక్కటే రాదు" అన్నాను. "ఎవరైనా ఎక్కించి తోస్తే గంటస్తంభాలదాకా ఆగను."