మూడో గుండు

మీ అమ్మ పెళ్ళిచూపుల సంగతా? కూర్చో కావ్యా, నిలబడి వినేది కాదది. మా చెల్లెలికి, అదే మీ అమ్మ గంగాదేవికి, అప్పటికే రెండు సంబంధాలు తప్పిపోయేయి. ఇది మూడోది. మీ మావయ్య కామరాజు మస్కట్ నుంచి టీవీకి తగిలించుకునే గేమొకటి తెచ్చేడు. ఏముందందులో, ఇనపగుండు పైనించి దొర్లుకుంటూ వస్తుంది, కింద రెండు చిన్న రెక్కలుంటాయి, బొత్తాం నొక్కితే అవి గుండుని పైకి తంతాయి. మధ్య సందులోంచి జారిందా, పోయినట్టే. మనిషికి మూడు గుండ్లు. వంటవగానే దాని ముందే కూర్చునేది మీ అమ్మ. "ఆ గుండేవన్నా నీకు అన్నం పెడుతుందటే" అని మీ అమ్మమ్మ ఒకటే సణుగుడు.

ఏం చెప్తున్నాను? ఆఁ, మీ నాన్న వాళ్ళు అమలాపురం నుంచి వచ్చేరు. పనసాకు బుట్టల్లో ఉడికించిన పొట్టిక్కలు తిన్నారు, బాగున్నాయన్నారు. మీ నాయనమ్మ వీరదుర్గ గారు "ఓ పాట పాడమ్మా" అన్నారు. అందరూ అడిగేదేగా. "పాట రాదండి, ఇదొచ్చండి" అని టీవీ చూపించిందమ్మా! అంతటితో ఊరుకుందా? "అబ్బాయి గారు గెలిస్తే చేసుకుంటానండి. ఓడిపోతే వద్దండి" అంది. ఎంత మర్యాదగా అందో! మీ నాన్న నవ్వేసి, "ఆయ్, అలాగేనండి" అన్నారు. ఆయనా ఇదివరకు ఆడినవారేనట, ముందు కూర్చుని నలభై వేల పాయింట్లు కొట్టేరు.

మీ అమ్మ కూర్చుంది. రెండు గుండ్లు పోయేసరికి ముప్ఫై వేలు. మూడోది దిగదే! టీ చల్లారిపోయింది. ముప్ఫై ఎనిమిది. మీ తాతయ్య కండువాతో మొహం తుడుచుకుంటున్నారు. ముప్ఫై తొమ్మిది. మీ నాన్న మంచివారే, కాదనను, అది అప్పుడు మాకేం తెలుసు? నాకు కనపడిందల్లా ఇంకో సంబంధం, మళ్ళీ పొట్టిక్కలు, మళ్ళీ మీ తాతయ్య కండువా. టీవీ పక్కనే నిలబడ్డాను. ప్లగ్గు లాగేసేను. కాలితో.

"అయ్యో, కరెంటు పోయిందండీ" అన్నాను. "ఆయ్, పోయిందండి" అన్నారు మీ తాతయ్య. "మా అమలాపురంలోనూ ఇంతేనండి" అన్నారు మీ నాయనమ్మ. నెత్తిమీద ఫ్యాను గిర్రున తిరుగుతోంది. ఆ గాలికి ఎగురుతున్న చెంగు పట్టుకునే చెప్పేరావిడ ఆ మాట. మీ నాన్న గొంతు సవరించుకుని, "అయితే ఎక్కువ నాదేనండి" అన్నారు.

మీ అమ్మ ఫ్యాను చూసింది. తర్వాత నన్ను చూసింది. తర్వాత లేచి కప్పులు తీసింది.

ఆ తర్వాత పద్నాలుగేళ్ళు బతికింది. పురుటికి నా దగ్గరకే వచ్చింది, నీకు మొదట నీళ్ళు పోసింది నేనే. ప్లగ్గెందుకు లాగేవని ఒక్కనాడూ అడగలేదు. అడిగితే చెప్పడానికి మాట తయారుగా పెట్టుకున్నాను కూడాను.

ఏం మాటా?

ఆ కిటికీ వెయ్యమ్మా, జల్లు కొడుతోంది.